రెండు దెబ్బల నడుమ

తెలుగువారు లయను గూర్చి మాటలాడునప్పుడు తఱచుగా కాలినే తలచుకొందురు. పాట సాగెడి తీరునకు నడక యని పేరు. చతురశ్రనడక, తిస్రనడక, ఖండనడక అని మృదంగవిద్వాంసులు నేటికిని వ్యవహరించుచున్నారు. పద్యమునకు పాదములున్నవి. ఇక రగడల పేర్లు వరుసగా చదివినచో చదువుచున్నది ఛందశ్శాస్త్రమా, పశువుల సంత పట్టికయా అని సందేహము కలుగును: హయప్రచారము, తురగవల్గనము, ద్విరదగతి, హరిణగతి, వృషభగతి. గుఱ్ఱపు నడక, గుఱ్ఱపు దాటు, ఏనుగు నడక, లేడి నడక, ఎద్దు నడక. మాత్రలను వ్రేళ్లపై లెక్కించుట పండితుల పని. అంతకు ముందే నేలపై పడెడి కాలిచప్పుడును విన్నవాడెవడో ఈ పేర్లు పెట్టినాడు.

ఆ కాలిచప్పుడు ఏలూరు జిల్లా మెట్టసీమలోని కామవరపుకోట వంటి ఊళ్లలో వినబడుచునే యున్నది. శ్రీరామనవమికి ముందును, దసరా దినములందును గుడిముంగిట కోలలు మ్రోగును. సమీపముననే ద్వారకాతిరుమల గలదు. జనులు దానిని చిన్నతిరుపతి యందురు. అచ్చట మూలవిరాట్టులు రెండగుటచేత వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి, ఏటా రెండు కల్యాణోత్సవములు జరుగును. ఆ ఊరేగింపులలో నాడుటకు చుట్టుప్రక్కల కోలాట బృందములు సాధన చేయుచుండును. మొక్కజొన్న చేలనుండియు, ఆయిల్‌పామ్ తోటలనుండియు ఇల్లు చేరి, వంట ముగించి, చెంగు బిగించి వచ్చిన స్త్రీలు వలయముగా నిలుతురు. అదే వేళకు ప్రక్క అరుగుమీద కూర్చున్న కుఱ్ఱవాడు తల యెత్తక ఒక చిన్న తెరను వ్రేలితో తాకుచుండుట ఇప్పుడు ఏ ఊరనైనను కనబడెడి దృశ్యమే. వాని తల్లి వానిని సోమరి యనును. ఆ తల్లి చేయుచున్న పనియు, ఆ కుఱ్ఱవాడు చేయుచున్న పనియు ఒక్కటే కావచ్చునని ఇద్దఱికిని తోచదు.

వాడు ఆడు ఆటను బట్టి యుండును. తుపాకులు ప్రేల్చు ఆటయైనచో తల్లి మాటయే నిజము. కాని వీడియో ఆటలలో కేవలము లయనే నమ్ముకొన్న జాతి యొకటి యున్నది. జపాను దేశపు కొనామి సంస్థ 1998లో వెలువరించిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్ అట్టిది. అందులో తెరపై వచ్చు బాణపు గుర్తులకు సరిగా, నేలమీద నాలుగు దిక్కుల నున్న పలకలను కాళ్లతో త్రొక్కవలెను. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రము 2006లో దానిని తన పాఠశాలల వ్యాయామబోధనలోనికి తీసికొన్నది. అది కాలి ఆటయే యైనను నడిపించునది కన్ను. ఎప్పుడు త్రొక్కవలెనో బాణము చూపుచుండును. కన్నును ప్రక్కకు నెట్టి, అడుగునకును దెబ్బకును గల సంబంధమునే ఆటగా మార్చినది మఱియొకటి కలదు.

నింటెండో సంస్థ 2006 ఆగష్టులో జపానున రిథమ్ టెంగోకు అను ఆటను విడుదల చేసినది. టెంగోకు అనగా స్వర్గము. లయస్వర్గమని తెలిగింపవచ్చును. దాని తలంపు త్సుంకు అను పాటగానిది. ఆయన స్వయముగా గాయకుడు. యువతుల గాయకబృందములను తీర్చిదిద్దిన నిర్మాతగా ఆ దేశమున ప్రసిద్ధుడు. లయజ్ఞానమును ఆటగా అభ్యసింపజేయవచ్చునని ఆయన నింటెండోవారి యొద్దకు వెళ్లినాడు. ఆయన ప్రోత్సాహముతో ఆట తయారుచేయు ఉద్యోగులు నృత్యపాఠములు నేర్చుకొనిరి. కుర్చీలలో కూర్చుండి గణకయంత్రములకు ఆజ్ఞలు వ్రాయువారు లేచి కాళ్లు కదపవలసి వచ్చినదన్నమాట. ఆయనకు తరువాతి కాలమున గొంతులో పుట్టకుఱుపు వచ్చి, 2014లో స్వరపేటికను తీసివేసిరి. పాటగానికి పాట పోయినది. లయ పోలేదు, 2015లో ఈ వరుసలోనే మఱియొక ఆట వెలువడినది. 2025 మార్చిలో ఇంకొక ఆటను ప్రకటించిరి.

వీటిలో రెండవది 2008 జులైలో నింటెండో డీఎస్ అను రెండు తెరల చేతియంత్రమునకై వచ్చినది. మరుసటి సంవత్సరము అమెరికాలో రిథమ్ హెవెన్ అనియు, ఐరోపాలో రిథమ్ పారడైజ్ అనియు అమ్మిరి. అది చిన్న చిన్న ఆటల సంపుటము. అందు ఒకదాని పేరు లాక్‌స్టెప్. కవాతులో ఒకరి కాలి వెనుక మఱియొకరి కాలు తప్పక పడు నడకకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న పేరది.

ఆ ఆటకు కథ లేదు. శత్రువు లేడు, నిధి లేదు. యంత్రమును పుస్తకమువలె నిలువుగా పట్టుకొని, చిన్నపుల్లవంటి కలముతో తెరను తాకవలెను. తెరపై ఒకే రూపుగల బొమ్మలు వరుసగా నిలిచియుండును. వాద్యము మ్రోగును. దెబ్బదెబ్బకు వరుస యంతయు అడుగు వేయును. ఆటగానిది ఆ వరుసలో ఒక్క బొమ్మ. ఇంతవరకు చంటిపిల్లవాడును ఆడగలడు. కొంతసేపటికి వరుసలోనుండి వడివడిగా కేకలు వినబడును. ఆ కేకల ఆనవాలుతో అందఱును దెబ్బను విడిచిపెట్టి, రెండు దెబ్బల నడుమ నున్న ఖాళీలో అడుగు వేయసాగుదురు. మరల కేకలు, మరల దెబ్బమీదికి రాక. ఆట యింతే. అయితే ఆడుచుండగా దృశ్యము క్రమముగా దూరమగుచుండును. బొమ్మలు బొటనవ్రేలంత యగును, చీమలంత యగును, చుక్కలంత యగును. వేలకొలది చుక్కలు ఒక్కసారి కదలుచు అల్లికబట్టవలె కనబడును. వానిలో తనది ఏదో ఆటగానికి తెలియదు. కన్నులు మూసికొని ఆడినను ఒకటే. చెవి యొక్కటే దిక్కు.

కూచిపూడివారి సింహనందిని చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. నర్తకి తాళమునకు పాదము కదపుచు, పాదము క్రింది వస్త్రముపై సింహపు రూపమును చిత్రించును. ఆమె వంగి చూచుకొనదు. బొమ్మ చూచువారికే కనబడును. ఆమెకు కనబడునది తాళము మాత్రమే.

లాక్‌స్టెప్‌లో అడుగు అని పేరే కాని, కాలు కదలదు. కదలునది వ్రేలు. ఇది వెక్కిరింతగా తోచవచ్చును. కామవరపుకోట మండలములోనే గుంటుపల్లి కొండ యున్నది. జీలకఱ్ఱగూడెము దాటి మెట్లెక్కినచో క్రీస్తుకు పూర్వపు బౌద్ధుల గుహలు కనబడును. వానిలో గుండ్రని చైత్యగృహము ప్రసిద్ధము. నడుమ రాతి స్తూపము, చుట్టును ఇఱుకైన ప్రదక్షిణమార్గము, పైన గొడుగువలె గుండ్రని కప్పు. ఆ కప్పునకు లోపల దూలములును వాసములును ఉన్నట్లు చెక్కిరి. కొండను తొలిచిన గుహకు దూలములతో పనియేమి? అవి ఏ బరువును మోయవు. కఱ్ఱతో కట్టిన పూర్వపు గుడులకు అలవాటు పడిన చేయి రాతిలోను కఱ్ఱ రూపునే చెక్కినది. ఆ కఱ్ఱకట్టడములు ఎప్పుడో చివికిపోయినవి, వాని తీరు మాత్రము రాతిలో దక్కినది. లాక్‌స్టెప్ ఆడు వ్రేలును ఇట్టిదే. కాలి పని వ్రేలిలోనికి వచ్చినను అది కాలి పనియే. ఆడువాడు తనకు తెలియకుండనే మోకాలు కదపుచుండుటయు, తల ఊపుచుండుటయు చూచినవారికి ఈ మాట నమ్మదగినదిగనే తోచును.

దెబ్బను విడిచి నడుమ అడుగు వేయుటకు మన సంగీతశాస్త్రమున పాతపేరే యున్నది. తాళమునకు ప్రాణములు పది యని చెప్పి, అందు గ్రహమును ఒకటిగా పెద్దలు లెక్కించిరి. పాటయు తాళమును ఒక్కసారి మొదలైనచో సమగ్రహము. పాట ముందై తాళము తరువాత వచ్చినచో అతీతము. తాళము ముందై, పాట కొంత ఆగి యెత్తుకొన్నచో అనాగతము. త్యాగరాజస్వామి కృతులలో పెక్కింటి యెత్తుగడ సమముపై నుండదు. తాళము పడిన పిమ్మట, ఊపిరి పట్టి, ఖాళీలో పాట లేచును. పాట నేర్చుకొను పిల్లలు మొదటి నెలలలో ఎక్కువగా తిట్లు తినునది ఇచ్చటనే. శాస్త్రము గ్రహమును పాట యెత్తుగడకే చెప్పినది. దానిని అడుగునకు అన్వయించుట కొంత చనువు తీసికొనుటయే యగును. అయినను, లాక్‌స్టెప్ అనగా సమమునుండి అనాగతమునకు దాటి, మరల సమమునకు తిరిగివచ్చుట అని చెప్పినచో సంగీతము తెలిసినవానికి ఆట సగము తెలిసినట్లే.

తక్కిన సగము ఆడినచో గాని తెలియదు. అది మనుష్యుని శరీరమునకు సంబంధించినది. గోడగడియారము టిక్కుటిక్కుమను గదిలో కూర్చుండి, టిక్కునకు టిక్కునకు నడుమ వ్రేలితో బల్లను తట్టి చూడవచ్చును. సెకనునకు ఒక్క దెబ్బయైనచో ఇది సులభము. అదే దెబ్బ సెకనునకు రెండు, రెండున్నర యైనచో వ్రేలు మాట వినదు. నడుమ పడవలసిన తట్టు తనంతట తానే జరిగి దెబ్బమీదికి వచ్చి కూర్చుండును. తట్టువాడు తప్పు తెలిసికొని మరల నడుమకు లాగును. నాలుగు తట్లలో మరల జాఱును. అమెరికాలో స్కాట్ కెల్సో అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దీనిని పరీక్షించి 1990లో ప్రకటించిరి. లోలకపు దెబ్బలను క్రమముగా వేగిరపఱచుచు, నడుమ తట్టుమని చెప్పినచో, సెకనునకు సుమారు రెండు దెబ్బల వేగము వచ్చునప్పటికి చాలమంది తట్టు దెబ్బతో కలిసిపోయినది. దీనికి విపరీతముగా, దెబ్బమీద తట్టువాడు ఎంత వేగమైనను నడుమకు జాఱడు. అనగా శరీరమునకు సమము ఇల్లు, అనాగతము పరాయి ఊరు. వేగము పెరిగినకొలది ఇంటిమీద బెంగ పెరుగును. లాక్‌స్టెప్ వేగము ఆ హద్దునకు పైననే యుండుట దానిని చేసినవారు కావలెనని చేసినదే యగును.

మఱియొక చిత్రము కలదు. దెబ్బమీద సరిగా తట్టుచున్నానని అనుకొను మనుష్యుడు నిజమునకు కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందుగనే తట్టుచుండునని ఇట్టి పరీక్షలు చాలకాలముగా చెప్పుచున్నవి. సంగీతము అభ్యసించినవారిలో ఈ తొందర తక్కువ. దెబ్బ పడిన తరువాత విని కదలినచో ఆలస్యమగును గనుక, శరీరము రాబోవు దెబ్బను ఊహించి బయలుదేఱును. లయ అనునది వినుటకంటె ఊహించుటతోనే ఎక్కువ ముడిపడి యున్నదన్నమాట. అందుచేతనే ఆటలోని బొమ్మలు మార్పునకు ముందు కేకలు వేయును.

ఆ కేకయే కోలాటమున ఈల. నాయకుడు ఈల వేసినను, గొంతెత్తి పలికినను కోపు మాఱును. అడుగుల, దెబ్బల కూర్పులో ఒక్కొక్క తీరును కోపు అందురు. జతగానికి ఉద్ది యని పేరు. కోలాటము దూరమునుండి చూచువారికి రంగుచీరల తిరుగుడుగా కనబడును గాని, దగ్గఱ నిలిచి ఒక్క మనిషినే చూచినచో అందలి కష్టము తెలియును. తన కోలలు రెండును ఒకదానితో నొకటి తాకించుట యొక దెబ్బ, ఎదుటివాని కోలకు తాకించుట మఱియొక దెబ్బ. వాని నడుమ కాలు ముందునకో, ప్రక్కకో, చుట్టునో పడవలెను. చేయి దెబ్బమీద నుండగా కాలు నడుమ నుండు కోపులున్నవి. లోపలి వలయము ఒక దిక్కునకు, వెలుపలి వలయము ఎదురుదిక్కునకు సాగునప్పుడు ఉద్ది మాఱుచుండును. ఒక్క ఆవర్తనమునకు ఒక ముఖము. మరుసటి ఆవర్తనమునకు ఇంకొకటి. కాలు ఒక్క అడుగు వెనుకబడినచో, ఎదురువచ్చిన క్రొత్త ఉద్ది కోల గాలిని కొట్టును. తప్పు ఒకరిది, చప్పుడు లేకపోవుట మఱియొకరి పాలు.

ఈ విద్య నిన్నటిది కాదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని పదమూడవ శతాబ్దిలో రచించిన నృత్తరత్నావళిలో మార్గనృత్తముతోపాటు దేశినృత్తములకును సమానగౌరవము దక్కినది. 1213లో వెలసిన పాలంపేట రామప్పగుడి రాళ్లపై కోలలు పట్టిన నర్తకులున్నారు. అయినను పల్లెలలో కోలాటమును పుస్తకము చూచి నేర్చినవారు లేరు. ప్రక్కవాని కాలు చూచి, ఎదుటివాని కోల విని నేర్చిరి.

తప్పు చేసినవానిని ఏమి చేయవలెను అను చోట యంత్రమును వలయమును వేఱగును. లాక్‌స్టెప్‌లో తాకుడు కొంచెము ముందైనను వెనుకైనను వాద్యము ఆగదు. ఆట ముగిసిన పిమ్మట తీర్పు వచ్చును, మరల ఆడుమనును. అయితే యంత్రమునకును దయ లేకపోలేదు. ఒకే ఆటలో మూడుమార్లు ఓడినవానికి, ఆ ఆటలోనే నున్న కాఫీదుకాణపు యజమాని పోనిమ్మని చెప్పి, దానిని విడిచి ముందునకు సాగనిచ్చును. మర్యాదగల యేర్పాటే. కాని అది తప్పినవానిని ప్రక్కకు తప్పించు దయ. వలయములోని దయ అట్టిది కాదు. అడుగు తప్పిన క్రొత్తమనిషిని ఉద్ది కోలతో కొంచెము త్రోసి దారిలో పెట్టును; నాయకుడు పాట వేగము తగ్గించును; మృదంగము వాయించువాడు కంటితో చూచి ఒక్క దెబ్బను బలముగా వేయును. ఆ దెబ్బను పట్టుకొని జాఱినకాలు ఇల్లు చేరును. లయ అందఱిని నడిపించును, అందఱును కలిసి లయను నడిపింతురు. ఏలూరునకు దిగువను, కొల్లేటి ప్రాంతపు మాగాణులలోను నాట్లువేయు స్త్రీలు వెనుకకు అడుగు వేయుచు పాడెడి పాటలకును ఇదే మర్యాద. ముందుగా చరణ మెత్తుకొనునామె చేతులు మాత్రమే చూచుకొన్నచో వరుస వంకరపోవును. ఆమె ప్రక్కలను చూచి పాట నాపును, సాగించును.

కాళ్లు కలిసినంతమాత్రమున మేలే జరుగునని కూడ చెప్పరాదు. 1831లో ఇంగ్లండులోని మాంచెస్టరు చెంత బ్రౌటన్ వ్రేలాడువంతెన, కదము త్రొక్కుచు నడచిన సైనికుల క్రింద కూలినది. 1850లో ఫ్రాన్సులోని అంజేలో సైనికులు దాటుచుండగా వంతెన తెగి రెండువందలకు పైగా మరణించిరి. అచ్చట గాలివానయు, త్రుప్పుపట్టిన తీగెలును కూడ కారణములే. నాటినుండి వంతెనమీద కదము తప్పి నడువుడని సైనికులకు ఆజ్ఞ యిచ్చుట వాడుక యైనది. లండనులో 2000 జూన్ 10న తెఱచిన మిలీనియమ్ వంతెన కథ ఇంకను వింత. అచ్చట ఆజ్ఞ యిచ్చినవారు లేరు, ఈల వేసినవారు లేరు. వంతెన కొంచెము ప్రక్కలకు ఊగినది. పడిపోకుండ జనులు ఆ ఊపునకు తగినట్లు కాళ్లు మోపిరి. అందుచే ఊపు పెరిగినది. రెండు దినములకే మూసి, ఊపు నణచు సాధనములమర్చి 2002లో మరల తెఱచిరి. తాళమునకు కర్త యెవరో తెలియనప్పుడు కాళ్లు దేనివెంటనైనను పోవునని దీనివలన తేలుచున్నది.

ఆ ప్రశ్న యిప్పుడు గుడిముంగిటనే నిలిచియున్నది. ఒకప్పుడు కోలాటమున పురుషులే ఎక్కువగా కనబడుచుండిరి. ఇటీవలి సంవత్సరములలో గోదావరి జిల్లాలలోను, తక్కిన ఆంధ్రదేశమునను స్త్రీల బృందములు విశేషముగా పెరిగినవి. ఒకే రంగు చీరలు, ఒకే తీరు జడలు, తిరుమలవఱకు ప్రయాణములు. ఇల్లు కదలని గృహిణులు రాత్రి పదిగంటలవఱకు వీథిలో నిలిచి నవ్వుచు ఆడుట ఊళ్లకు మంచి మార్పు. ఈ మార్పునకు సాయపడినవానిలో రికార్డు పాట యొకటి. మృదంగము వాయించువానిని పిలిచి, బండిఖర్చు లిచ్చి, వాని వీలునుబట్టి సాధన చేయనక్కఱలేదు. పెన్‌డ్రైవులో పాట యున్నది, పెట్టెలో నుండి వచ్చును, ఎన్నిసార్లయినను వచ్చును. ఆ సౌకర్యమును తేలికగా తీసివేయువారు బృందమును నడిపి యెఱుగరు.

కాని పెట్టెకు చెవులు లేవు. ఏబదియేండ్ల ఆమె మోకాలినొప్పితో అర అడుగు వెనుకబడినది పాటకు తెలియదు. మొదటి కాలమున బాగుగనే సాగిన కోపు, పాట జోరందుకొని మూడవ కాలమునకు వచ్చునప్పటికి చెదరును. కెల్సో పరీక్షలో వ్రేలు జాఱినట్లే, నడుమ పడవలసిన అడుగులన్నియు ఒక్కొక్కటిగా దెబ్బమీదికి జాఱును. పాత నాయకుడు ఇది ముందే పసిగట్టి వేగమును అచ్చటనే కట్టివేయును, లేదా ఈల వేసి తేలిక కోపునకు మార్చును. పెట్టె అట్లు చేయజాలదు. కనుక బృందములే ఒక ఉపాయము పన్నుకొనుచున్నవి. నడుమ అడుగు గల కోపులను మానివేసి, దెబ్బమీది అడుగులతోనే ఆట కూర్చుకొనుట. తప్పులు తగ్గును, చూచుటకు చక్కగా నుండును. అనాగతము మాత్రము మెల్లగా వలయమునుండి తొలగిపోవును.

ఇచ్చట ఒక విపరీతము చోటుచేసికొన్నది. తల్లి ఆడు కోలాటము, వినని వాద్యమునకు తప్పక నడువవలసిన ఆటగా, అనగా లాక్‌స్టెప్‌గా మాఱుచుండగా, అరుగుమీద కుఱ్ఱవాడు ఆడు యంత్రము రెండు దెబ్బల నడుమ నిలుచు విద్యను మాటిమాటికి పరీక్షించుచున్నది. జపాను యంత్రమే తెలుగు కోలాటమునకు అనాగతమును కాపాడవలెనా అని పండితుడు కోపింపవచ్చును. కోపము అక్కఱలేదు. ఆ కుఱ్ఱవానిని అరుగు దింపి చేతికి రెండు కోలలిచ్చినచో వాని చెవి తగినంత చుఱుకుగనే యుండును. వానికి లేనిది ఉద్ది. ఎదుట కోల లేనిదే అడుగు తప్పినచో ఎవరికి నష్టమో వానికి తెలియదు. అట్లే పెట్టెపాటను పారవేయనక్కఱలేదు. ఊరేగింపునాడు దానిని మ్రోగింపవచ్చును. సాధన చేయు మొదటి దినములలో మాత్రము ఒక డప్పో, డోలకో, అదియు లేనిచో చేతి తాళములో పట్టిన మనిషి యొకరు వలయమునకు నడుమ నిలువవలెను. ఖర్చు పెద్దది కాదు. వలయమును చూచుచు వాయించుటయే ఆ మనిషికి పని.

జడకోలాటము ఆడునాడు అట్టి మనిషి లేనిలోటు తప్పక తెలియును. పైన కట్టిన చక్రమునుండి రంగురంగుల త్రాళ్లు వ్రేలాడును. ఒక్కొక్కరు ఒక్కొక్క కొన పట్టుకొని, ఒకరి లోపలనుండి, ఒకరి వెలుపలనుండి అడుగులు వేయుచు సాగగా త్రాళ్లు జడగా అల్లుకొనును. అల్లుట అందఱికిని ఇష్టము. విప్పుట కష్టము. వచ్చిన దారినే, వచ్చిన తాళముననే, అడుగులన్నియు తిరగవేయవలెను. ఎచ్చటనో ఒకరు ఒక్క ఖాళీని మఱచి దెబ్బమీద అడుగు వేసినచో త్రాడు త్రాటికి చిక్కుకొనును, జడ విడదు. అప్పుడు మద్దెల ఆగును. అందఱును పట్టుకొన్న కొనలను వదలక నిలుచున్నచోటనే నిలుతురు. నాయకురాలు తల యెత్తి పైకి చూచి, చిక్కుకొన్న పసుపుత్రాటిని గుర్తించి, దానిని పట్టుకొన్న పిల్లను రెండడుగులు వెనుకకు పిలుచును. పిల్ల తలవంచి ప్రక్కామె చేతిక్రిందనుండి దూఱి తన చోటికి వచ్చును. ఎవరో నవ్వుదురు. మద్దెల మరల మొదటి కాలమున, నెమ్మదిగా, ఆరంభమగును.